అల్యూమినియం కిటికీ, నాలుగు రంధ్రాలు

పోయిన నెల పెన్షన్ కాగితం ఒకటి సరిచేయించుకోవడానికి ఆర్.కె. పురం వెళ్ళాను. పని పదకొండున్నరకల్లా అయిపోయింది. ద్వారక తిరిగి వెళ్ళే బస్సుకి ఇంకా టైముంది కదా అని, మేము పద్దెనిమిదేళ్ళు కాపురమున్న క్వార్టర్ల వైపు నడిచాను. ఆ వరసంతా రేకుల కంచె కట్టేశారు. ఒక చోట రేకు వంగి ఉంటే అందులోంచి చూశాను. మా బ్లాకు సగం ఉంది, సగం లేదు. మెట్లు మాత్రం గోడల్లేకుండా నిలబడి ఉన్నాయి. లెక్కపెట్టాను. ఒక్కో వరసకి తొమ్మిది, అప్పుడూ తొమ్మిదే. పక్కన మూడు కుప్పలు పోసి ఉన్నాయి: తలుపులొక కుప్ప, ఇనుప గ్రిల్లులొక కుప్ప, అల్యూమినియం ఒక కుప్ప. చౌకీదారు నన్ను చూసి, "క్యా చాహియే, మాతాజీ?" అన్నాడు. ఆ మూడో కుప్ప దగ్గరికి ఒకసారి వెళ్ళనివ్వమని అడిగాను.

ఎందుకు అడిగానో చెప్పాలంటే బన్వారీ మిస్త్రీ గురించి చెప్పాలి. మా బాల్కనీకి అల్యూమినియం కిటికీ కట్టినవాడు. మా వల్ల అతనికి చెడ్డపేరు వచ్చింది. తప్పు అతనిది కాదు, నాది. పదమూడో ఏటి నుంచి రోజూ డైరీ రాస్తున్న మనిషిని నేను. ఏ రోజు ఎంత వాన పడిందో, ఎవరింట్లో ఎవరు పుట్టారో అన్నీ ఉన్నాయి. ఆ రోజు పేజీలో మాత్రం "వాన" అన్న ఒక్క మాటే ఉంది. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

మా అమ్మ నర్సు. పెళ్ళికి ముందే తెనాలి పక్క నుంచి ఢిల్లీ వచ్చి ఒక పెద్ద ఆసుపత్రిలో చేరింది. నాన్న ఒక మంత్రిత్వ శాఖలో గుమాస్తా. క్వార్టరు నాన్న పేరు మీద వచ్చింది: రెండు గదులు, వంటిల్లు, వెనక వైపు ఒక బాల్కనీ. ఆ ఇంటిని నడిపింది మాత్రం అమ్మ నైట్ డ్యూటీ. నెలలో పదిహేను రోజులు ఆమె పొద్దున్న ఎనిమిదిన్నరకి ఇంటికి వచ్చేది. చీర మడతల్లో స్పిరిట్ వాసన, చేతులకి డెట్టాల్ వాసన. అమ్మమ్మ బకెట్‌లో వేడినీళ్ళు తోడి సిద్ధంగా ఉంచేది. స్నానం చేసి రెండు ముద్దలు తిని పదింటికి పడుకుంటే నాలుగింటిదాకా అమ్మ నిద్ర. ఆ ఆరు గంటలూ మా ఇంట్లో చప్పుడనేది నేరం.

అమ్మమ్మ ఆ నేరాలకి పోలీసు. తన గాజులు తీసి కిటికీ గట్టు మీద పెట్టేది. కుక్కరు కూత వెయ్యబోతుంటే గరిటె కాడతో బరువెత్తి పట్టుకునేది. కాలింగ్ బెల్లుకి నాన్న పాత బనీను చుట్టి దారం కట్టింది. కూరగాయల బండివాడు కింద నిలబడి అరవకూడదు. అతను టమాటా పైకెత్తి చూపిస్తే అమ్మమ్మ రెండో అంతస్తు నుంచి వేళ్ళతో ఎన్ని పావులో చూపించేది, అతను వేళ్ళతోనే ధర చెప్పేవాడు. నెల తిరక్కుండానే ఇద్దరూ వేళ్ళతోనే బేరమాడుకునే స్థాయికి వచ్చారు. ఎండురొయ్యలు వేయించడానికి వేరే నియమం ఉండేది. అమ్మ పగటి డ్యూటీలో ఉన్నప్పుడు, పక్కింటి పంజాబీ ఆంటీ ఆఫీసుకి వెళ్ళాక, వంటింటి తలుపు వేసుకుని.

ఇంత చేసినా అమ్మకి నిద్ర చాలేది కాదు. వెనక గదికీ వంటింటికీ మధ్య ఒకే గోడ. ముందు గదికి అందరూ వచ్చేవారు. ఊరి నుంచి పరీక్షలు రాయడానికి వచ్చిన పిల్లలు, ఇల్లు దొరికేదాకా మా ఇంట్లో ఉండే కొత్త నర్సులు, ఆదివారం ప్రార్థనకి వచ్చినవాళ్ళు. ఒకసారి అమ్మ బస్సులో కునుకు పట్టి, మా స్టాపు దాటిపోయి, డిపో దాకా వెళ్ళిపోయింది. కండక్టరు లేపాడట. ఆ రోజు అన్నం ముందు కూర్చుని నాన్నతో, "నాకు చీరలొద్దు, నగలొద్దు. తలుపేసుకుంటే వినపడని చోటొకటి కావాలండీ. నిద్రలేని చెయ్యి సూది పట్టకూడదు. నాకు భయమేస్తోంది" అంది. అమ్మ భయమేస్తోందనడం నేను విన్నది అదొక్కసారే.

బాల్కనీ మూసి గది చేద్దామన్న ఆలోచన అలా వచ్చింది. చుట్టుపక్కల చాలామంది ఎవర్నీ అడక్కుండానే మూసేసుకున్నారు. నాన్న అలా చేసే మనిషి కాదు. దరఖాస్తు పెట్టాడు, రెండుసార్లు గుర్తుచేశాడు. గోడ పగలగొట్టకూడదు, ఖాళీ చేసేటప్పుడు విప్పి తీసేయగలిగేదిగా ఉండాలి అని జవాబు వచ్చింది. ఇటుక కుదరదు. చెక్కకి చెదలు, ఇనుముకి తుప్పు. నగరమంతా స్టేడియాలూ ఫ్లైఓవర్లూ లేస్తున్న కాలం అది. కొత్త భవనాలన్నిటికీ అల్యూమినియం చట్రాలు మెరుస్తుండేవి. "బిగించడానికీ స్క్రూలే, విప్పడానికీ స్క్రూలే. మనలాంటి బదిలీల వాళ్ళకోసమే పుట్టింది" అన్నాడు నాన్న.

బన్వారీ మిస్త్రీ దుకాణం కోట్లా ముబారక్‌పూర్‌లో ఒక గల్లీలో ఉండేది. రెండు చేతులూ చాస్తే రెండు గోడలూ తగిలేంత వెడల్పు. అల్యూమినియం బద్దలు పన్నెండేసి అడుగులవి, చెరకు గడల్లా గోడకి ఆనించి ఉండేవి. మనిషి బక్కపలచన, చెవి మీద పెన్సిలు, జేబులో ఆకురాయి. మొదటిసారి కొలతలకి మా ఇంటికి వచ్చినప్పుడు ఒక గోనెసంచీ నిండా తుంపు ముక్కలు తెచ్చి ముందు గదిలో గచ్చు మీద పరిచాడు. మాకు దేన్ని ఎందుకు వాడతారో తెలియకపోతే రేపు అది ఎందుకు, ఇది ఎందుకు అని గొడవ పెడతామట.

ఎల్ ఆకారంలో ఉన్నది యాంగిల్, మూలల్ని పట్టి ఉంచడానికి. యు ఆకారంలో ఉన్నది మామూలు చానెల్. అద్దమో పలకో అందులో కూర్చుంటుంది. టి ఆకారంలోది రెండు పలకల మధ్య సందు మూయడానికి. డబ్బాలా నాలుగు వైపులా మూసి ఉన్నది నిలువు స్తంభాలకి, బరువు మోసేది అదే. తరువాత పక్కకి జరిపే కిటికీకి కావలసిన ముక్కలు. పై ట్రాక్, కింది ట్రాక్ చూడటానికి అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి గానీ పైదాని గాడి లోతు ఎక్కువ. తలుపుని ముందు పై గాడిలోకి ఎత్తి, తరువాత కింది పట్టా మీదికి దించాలి. మళ్ళీ తీయాలన్నా అలా ఎత్తే తీయాలి. రెండు తలుపులు కలిసేచోట ఒకదానికొకటి వేలు తగిలించుకున్నట్టు కొక్కెం ఉండే ముక్క ఒకటి. అతను రెండు చూపుడువేళ్ళూ మెలేసి చూపించాడు.

"ఇన్ని రకాలు ఎలా పోత పోస్తారు?" అని నాన్న అడిగాడు. పోత కాదు సాబ్ అన్నాడు మిస్త్రీ. కాల్చి మెత్తబరిచిన దిమ్మని ఉక్కు బిళ్ళలోని రంధ్రం గుండా వెనకనుంచి తోస్తారు. రంధ్రం ఏ ఆకారమైతే బద్ద ఆ ఆకారంలో బయటికి వస్తుంది. నేను అమ్మమ్మకి తెలుగులో చెప్పాను. అమ్మమ్మ, "ఓస్, దీనికింత భాగోతమా!" అని లేచి వెళ్ళి, ఇత్తడి జంతికల గొట్టం తెచ్చి అతని ముందు పెట్టింది. నక్షత్రం బిళ్ళ, పట్టీ బిళ్ళ, సన్న కంతల బిళ్ళ ఒక్కొక్కటీ మార్చి చూపించింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. మిస్త్రీ పొట్ట పట్టుకుని నవ్వాడు. "బిల్కుల్, అమ్మాజీ! బిల్కుల్ యహీ!" అన్నాడు, అచ్చం ఇలాగేనట. ఆ రోజు నుంచి మా ఇంటికి ఎప్పుడొచ్చినా గుమ్మంలోనే, "అమ్మాజీ, ఆజ్ కౌన్‌సా సెక్షన్?" అని అడిగేవాడు. సెక్షన్ అంటే వాళ్ళ భాషలో బద్ద ఆకారం. అమ్మమ్మ పళ్ళెంలో ఏ రకం ఉంటే ఆ రకం పెట్టేది.

లెక్కలు నా పని. బాల్కనీ పిట్టగోడ మీద తెరిచిన చోటు వెడల్పు ఎనిమిదడుగుల ఆరంగుళాలు, ఎత్తు నాలుగడుగుల మూడంగుళాలు. పన్నెండడుగుల బద్దల్లోంచి ఏది ఎక్కడ కోస్తే తక్కువ వృథా అవుతుందో కాగితం మీద గీశాను. పైది ఎనిమిదిన్నర, మిగిలేది మూడున్నర. కిందిది ఎనిమిదిన్నర, మిగిలేది మూడున్నర. పక్కలవి రెండూ కలిపితే మళ్ళీ ఎనిమిదిన్నరే, మిగిలేది మూడున్నరే. ఆ పొందిక చూసి మురిసిపోయాను. మిస్త్రీ కాగితం చూసి మెచ్చుకున్నాడు గానీ, కోసేటప్పుడు ట్రాకుల్ని ఒక సూత్ తక్కువ కోశాడు. సూత్ అంటే మన నూలు, అంగుళంలో ఎనిమిదో వంతు. నేను ఊరుకుంటానా? కాగితం తీసుకెళ్ళి అతని ముక్కు కింద పెట్టాను.

"కాగితం మీద గోడ తిన్నగా ఉంటుంది బిటియా" అన్నాడు. "ఇక్కడ గోడ వంకర. పైగా జూన్‌లో అల్యూమినియం పెరుగుతుంది. చోటు లేకపోతే ఎక్కడికి పోతుంది? పొట్ట ఉబ్బించి కూర్చుంటుంది. తలుపు కదలదు."

"అయితే నా లెక్క తప్పా?"

"లెక్క ఠీక్ హై. లెక్కకి ఎండ తగల్దు, అంతే."

నాకది నచ్చలేదు. ఇంకా నచ్చనిది ఇంకోటి చేశాడు. కింది ట్రాక్‌ని బిగించే ముందు గోడ మీద పెట్టి, రసమట్టంతో సరిచూసి, బయటి అంచుకి కింద నాలుగు రంధ్రాలు పొడిచాడు. ఒక్కోటీ అంగుళం పొడుగు, పెన్సిలు దూరేంత వెడల్పు. పట్టాల అడుగున కూడా వాటికి ఎదురుగా నాలుగేసి కోశాడు. తరువాత లోటాతో నీళ్ళు తెప్పించి గాడిలో పోశాడు. నీళ్ళు ఆ రంధ్రాల్లోంచి బయటికి, కింద మొక్కల మీదికి ధారగా పోయాయి. "జల్లు కొట్టినప్పుడు నీళ్ళు ఈ గాడిలోకి రాకుండా ఏ దేవుడూ ఆపలేడు. రానివ్వాలి, పోనివ్వాలి" అన్నాడు. నేను చూసింది నీళ్ళని కాదు. సందు లేకుండా మూయడానికి ఇంత శ్రమపడి, చివర్లో చేతులారా నాలుగు కంతలు పెట్టడమేమిటి అని చూశాను.

కిటికీ ఏప్రిల్‌లో పూర్తయింది. లోపల ఒక మడతమంచం, ఒక స్టూలు, ముదురు నీలం తెర. మొదటి రోజు అమ్మ పదింటికి పడుకుని నాలుగున్నరకి లేచింది. లేచి వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, ఇవాళ వంట చెయ్యలేదా?" అని అడిగింది. అమ్మమ్మ పప్పు తాలింపు పెట్టింది, చేప పులుసు కాచింది, రోట్లో పచ్చడి నూరింది. అమ్మకి ఒక్క చప్పుడూ వినపడలేదు. అమ్మమ్మ గాజులు ఆ రోజే మళ్ళీ చేతికెక్కాయి.

మే నెలలో దుమ్ముగాలులు మొదలయ్యాయి. ఢిల్లీలో ఆంధీ అంటే తెలియనివాళ్ళకి చెప్పడం కష్టం. పట్టపగలు ఆకాశం ఇటుకపొడి రంగుకి తిరుగుతుంది, పళ్ళ మధ్య కరకరమంటుంది. కిటికీ గట్టిగా మూసి ఉన్నా ఆ నాలుగు రంధ్రాల ఎదుట, లోపలి గట్టు మీద, నాలుగు సన్నటి దుమ్ము నాలుకలు కనపడేవి. నేను కొలిచాను, పొడవైనది ఏడంగుళాలు. అమ్మ దగ్గుతూ లేచింది. మర్నాడూ అంతే. మూడోనాడు తలదిండు ముందు గదిలోకి తెచ్చుకుంది. "నెల రోజుల వైభోగం" అని నవ్వింది. నవ్వింది గానీ ఆమె కళ్ళకింద ఆ పాత నలుపు మళ్ళీ వచ్చింది.

అద్దాలు బిగించగా మిగిలిన పుట్టీ ఒక డబ్బాలో ఉంది. అమ్మ డ్యూటీకి వెళ్ళింది, నాన్న ఆఫీసు నుంచి రాలేదు. నేను తలుపులు ఒకపక్కకి జరిపి, ముందు గాడి తుడిచి, లోపలి వైపు నుంచి ఒక్కో రంధ్రంలో పుట్టీ దట్టించాను. స్కూలు స్కేలు అంచుతో నున్నగా చదును చేశాను. పైన వెండిరంగు పెయింటు సన్నగా పూశాను. చూస్తే అక్కడ రంధ్రమే లేదు. ఎవరికీ చెప్పలేదు. మిస్త్రీ లెక్క సరిదిద్దానని నా ధీమా. జూన్ అంతా దుమ్ము రాలేదు, అమ్మ మళ్ళీ ఆ గదిలోనే నిద్రపోయింది. నాన్న చర్చిలో అందరికీ మిస్త్రీ గురించి గొప్పగా చెప్పాడు. మా తెలుగు ఆరాధనకి వచ్చే రెండు కుటుంబాలు, రెండూ నర్సుల ఇళ్ళే, తమ బాల్కనీలకి కూడా అతన్నే మాట్లాడుకున్నారు.

జులైలో ఒకనాడు అమ్మ డ్యూటీ నుంచి వచ్చి పడుకున్న గంటకి వాన మొదలైంది. గాలి వెనకవైపు నుంచి. జల్లు నేరుగా అద్దాల మీదికి. గాడి ఎంతసేపట్లో నిండిందో తెలియదు. నేను స్కూలు నుంచి వచ్చేసరికి లోపలి అంచు మీదుగా నీళ్ళు పొర్లి, గోడ వెంట కారి, పరుపు సగం నానిపోయి ఉంది. మనిషి అలిసిపోయి ఉందేమో, వీపు తడిసేదాకా అమ్మకి మెలకువే రాలేదట. ఆ సాయంత్రం మూడు గంటల నిద్రతో, జలుబు గొంతుతో మళ్ళీ డ్యూటీకి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి తన కుడిచెయ్యి ఒకసారి చూసుకుంది. నాన్న అది చూశాడు.

మర్నాడు పొద్దున్నే నాన్న కోట్లా వెళ్ళి మిస్త్రీని వెంటబెట్టుకొచ్చాడు. గాడిలో నీళ్ళు ఇంకా నిలిచే ఉన్నాయి. నాన్న మెల్లగా మాట్లాడే మనిషి. ఆ రోజు మెట్ల మీదికి వినపడేలా అరిచాడు. "అనుమతి తెచ్చుకుని కట్టించుకున్న కిటికీ అయ్యా ఇది! నా భార్య నీళ్ళలో పడుకుంది. ఇదేనా నీ పనితనం?" మిస్త్రీ మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళలో చూపుడువేలు పెట్టి, గాడి అడుగున మెల్లగా జరుపుకుంటూ వెళ్ళాడు. ఒకచోట ఆగాడు. ఇంకా జరిపాడు, మళ్ళీ ఆగాడు. నాలుగుసార్లు. తరువాత తల తిప్పి నా వైపు చూశాడు. నేను తలుపు రెక్క పట్టుకుని నిలబడి ఉన్నాను. చెప్పాల్సిన మాట నాలిక మీదే ఉంది. రాలేదు.

అతను స్క్రూడ్రైవరు తీసి నాలుగూ గీకాడు. నీళ్ళు గుడగుడమని బయటికి పోయాయి. బూడిదరంగు పుట్టీ ముక్కలు అరచేతిలోకి వచ్చాయి. నాన్న వాటిని చూసి, "చూశావా! నీ పుట్టీ నీ రంధ్రాల్లోనే పడేసి పోయావు. ఇదా శుభ్రం?" అన్నాడు. మిస్త్రీ ఆ ముక్కలు జేబులో వేసుకున్నాడు. "సాఫ్ కర్ దియా, సాబ్" అని మాత్రం అన్నాడు. అమ్మమ్మ అలవాటుగా పళ్ళెం తెచ్చింది. అతను చేతులు జోడించి, తీసుకోకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో నాన్న ఆ రెండు కుటుంబాలకీ జరిగింది చెప్పాడు, తనకి తెలిసినంతవరకు. వాళ్ళు పని వేరేవాళ్ళకి ఇచ్చేశారు. నాన్న చాడీలు చెప్పే మనిషి కాదు. తన మాట నమ్మి మిస్త్రీని పిలిచినవాళ్ళని హెచ్చరించడం తన బాధ్యత అనుకున్నాడు. నాన్న నిజాయితీని నా మౌనం అబద్ధం చేసింది. ఆ వారమంతా నేను అన్నం సరిగా తినలేదు. అమ్మమ్మ చూస్తూనే ఉంది. శుక్రవారం నన్ను బియ్యం ఏరడానికి కూర్చోబెట్టుకుని, "ఏంటే, రాళ్ళు వదిలేసి బియ్యం పారేస్తన్నావు?" అంది. చెప్పేశాను.

అమ్మమ్మ తిట్టలేదు. చాట పక్కన పెట్టింది. "మీ అమ్మకోసమే చేశావులే. అది తప్పు కాదు. ఆ మనిషి మొహం మీదికి వస్తంటే చూస్తా నిలబడ్డావే, అదీ తప్పు" అంది. నాన్నతో తనే చెప్పింది. నాన్న నన్ను పిలిచాడు. "ఎక్కడ పోగొట్టామో అక్కడే వెతకాలి. ఆదివారం సాక్ష్యం చెప్పు" అన్నాడు.

మా ఆరాధనలో పాటల తరువాత సాక్ష్యాల సమయం ఉండేది. జ్వరం తగ్గిందనో, ఉద్యోగం పర్మనెంటయిందనో లేచి చెబుతారు, మిగతావాళ్ళు స్తోత్రం అంటారు. నేను లేచి పుట్టీ గురించి చెప్పాను. ఎనిమిదిన్నర అడుగుల ట్రాకు, నాలుగు రంధ్రాలు, ఒక్కోటీ అంగుళం, అన్నీ కొలతలతో సహా చెప్పాను. ఏమనాలో ఎవరికీ తెలియలేదు. చివరికి వెనక బెంచీలోంచి ఎవరో "స్తోత్రం" అన్నారు, చిన్నపిల్లలు కిసుక్కుమన్నారు. పాస్టరుగారు నా తల మీద చెయ్యి పెట్టి, చాలా ధైర్యం చేశావమ్మా అన్నారు. బయటికి వచ్చాక ఆంటీలందరూ దగ్గరికి తీసుకున్నారు. నాకు హాయిగా ఉంది. ఇల్లు చేరేదాకా ఉంది.

ఇంటికొచ్చాక అమ్మమ్మ, "అయిపోయిందా? మెచ్చుకున్నారా?" అని అడిగింది.

"అందరూ మెచ్చుకున్నారు."

"ఊఁ. తప్పు చేసింది నువ్వు, తిట్లు తిన్నది అతను, మెప్పు మళ్ళీ నీకే. బానే ఉందే బేరం! ఆయన తెలుగాయనా? మన చర్చికొస్తాడా? ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పకుండా ఊరందరికీ చెప్తే ఏం లాభం? దేవుడికి ముందే తెలుసు. కోట్లా బస్సెక్కండి, తండ్రీ కూతురూ."

జంతికలు ఆ సాయంత్రమే వండింది. డబ్బాలో పోసి నాన్న చేతికిచ్చింది.

మేము వెళ్ళేసరికి మిస్త్రీ ఒక బద్దని ఆకురాయితో రాస్తున్నాడు. నాన్నని చూసి లేచి స్టూలు జరిపాడు గానీ మొహంలో నవ్వు లేదు. నాన్న కూర్చోలేదు. నేను తడబడుతూ హిందీలో చెప్పాను. రంధ్రాలు నేనే మూశాను, ఆ రోజు చెప్పలేదు, మాఫ్ కీజియే అన్నాను. అతను ఆకురాయి పని ఆపలేదు. ఆ రెండు మూలలూ రాసి ముగించాక అప్పుడు మాట్లాడాడు.

"పతా థా, బిటియా. వేలు పెట్టగానే తెలిసింది. మా పనివాళ్ళెవరూ పుట్టీ అంత నున్నగా పెట్టరు. అది స్కేలు పెట్టి చేసిన పని."

"మరి ఎందుకు చెప్పలేదు?" అని నాన్న అడిగాడు.

"మీరు ఆ రోజు ఎంత కోపంలో ఉన్నారో మీకు తెలియదు సాబ్. ఆడపిల్ల. చెయ్యి చేసుకుంటారేమోనని." ఆకురాయి జేబులో పెట్టుకున్నాడు. "నాకు కోపం రాలేదనుకోకండి. వచ్చింది. రెండిళ్ళ పని పోయింది. గల్లీలో ఇంకొకడు కట్టాడు ఆ కిటికీలు. వాడు రంధ్రాలే పెట్టడు."

నాన్న రెండు చేతులూ జోడించాడు. ఒక ఆఫీసు మనిషి ఆ ఇరుకు దుకాణంలో, అందరూ చూస్తుండగా. మిస్త్రీ కంగారుపడి ఆ చేతులు పట్టుకుని కిందికి దించాడు. తరువాత నా వైపు తిరిగి, "దుమ్ము వచ్చిందా? మెమ్‌సాబ్ దగ్గారా?" అని అడిగాడు. అవునన్నాను. "ఆ మాట నాకొచ్చి చెప్పి ఉంటే సరిపోయేది. నీళ్ళు పోవాలి, దుమ్ము రాకూడదు. రెండూ న్యాయమైన కోరికలే. నేను ఒక్కదాన్ని గురించే ఆలోచించాను. సగం తప్పు నాది."

సగం కాదు. ఈ విషయంలో మాత్రం నేను అతని లెక్క ఒప్పుకోను. కానీ ఆ మాట వింటుంటే నాన్న మొహం తిప్పుకున్నాడు. మిస్త్రీ డబ్బా మూత తీసి, "ఇవాళ ఏ సెక్షన్?" అన్నాడు. నక్షత్రం బిళ్ళది.

ఆ వారమే వచ్చాడు. యాంగిల్ బద్దలోంచి అంగుళంన్నర ముక్కలు నాలుగు కోసి, ప్రతి రంధ్రానికీ బయట బోర్లించిన గొడుగులా, ఒక్కోదానికి రెండు రివెట్లతో బిగించాడు. దాని వెనక దోమల వల ముక్క. నీళ్ళు కిందికి జారిపోతాయి, దుమ్ము గొడుగుకి కొట్టుకుని ఆగుతుంది. అంతకు ముందు అలాంటిది నేనెక్కడా చూడలేదు, తరువాతా చూడలేదు. అది మా అమ్మ దగ్గుకోసం పుట్టిన సెక్షన్. మా చర్చి నుంచి తరువాతి ఏడాది ఒక కుటుంబం అతన్ని పిలిచింది. పోయిన రెండిళ్ళు మాత్రం పోయినవే. అవి నేను ఎలా కూడినా తిరిగి రావు.

అమ్మ ఆ గదిలో పదకొండేళ్ళు నిద్రపోయింది. నెలకి పదిహేను చొప్పున పంతొమ్మిది వందల ఎనభై పగళ్ళు. సెలవులు తీసేసినా పద్దెనిమిది వందలకి తగ్గవు. రిటైరయ్యేదాకా ఆమె చేతిలో సూది ఒక్కసారీ తప్పలేదు. క్వార్టరు ఖాళీ చేసేటప్పుడు నాన్న విప్పించబోతే, తరువాత వచ్చే కుటుంబం ఉంచమని బతిమాలింది. ఆ ఇల్లాలు కూడా ఏదో షిఫ్టుల ఉద్యోగమే. నేను పెద్దయ్యాక భవనాల అంచనాలు వేసే ఉద్యోగంలో చేరాను. ముప్పై నాలుగేళ్ళలో కిటికీల అంచనా ఏది రాసినా, నీళ్ళు పోయే రంధ్రాల గురించి ఒక వరస ప్రత్యేకంగా రాసేదాన్ని. కాంట్రాక్టర్లు నన్ను వెనకనుంచి "ఛేద్ మేడమ్", అంటే కంతల మేడమ్, అనేవారని నాకు తెలుసు. ఇప్పుడు ద్వారకలో నా ఫ్లాటుకి తెల్లటి ప్లాస్టిక్ కిటికీలు. మూస్తే రోడ్డు మీద హారన్లు కూడా వినపడవు. బాగున్నాయి, కాదనను. అమ్మ బతికి ఉంటే మందు వేసుకున్నట్టు నిద్రపోయేది. అయితే చలికాలం పొగకి భయపడి మా అంతస్తులో అందరూ ఆ కిటికీల రంధ్రాల్లో టిష్యూ కాగితాలు కుక్కుతారు, వానాకాలంలో వాచ్‌మన్ మీద అరుస్తారు. కిటికీ కట్టినవాడి పేరు ఎవరికీ తెలియదు. వచ్చి వేలు పెట్టి చూసేవాడు లేడు. అప్పుడు ప్రతి వస్తువు వెనకా తిట్టడానికైనా ఒక మనిషి ఉండేవాడు. అది ఆ మనిషికి మేలని చెప్పలేను.

అల్యూమినియం కుప్ప దగ్గర చౌకీదారు నన్ను ఓపిగ్గా చూస్తూ నిలబడ్డాడు. పైన ఉన్న తలుపు చట్రాలు అతనే జరిపాడు. అడుగున, కొంచెం వంగి, ఒక కింది ట్రాక్ కనపడింది. బయటి అంచుకి చిన్న గొడుగులు. మూడే ఉన్నాయి. నాలుగో చోట రెండు రివెట్ల గుర్తులు. నా సంచిలో స్టీలు టేపు ఎప్పుడూ ఉంటుంది. ఒక కొన అతన్ని పట్టుకోమన్నాను.

"కిత్‌నా హై, మాతాజీ?"

"ఎనిమిదడుగుల ఆరంగుళాలకి ఒక సూత్ తక్కువ" అని తెలుగులోనే అనేశాను.

దాన్ని రెండు ఇటుకల మీద పెట్టించి, సీసాలోని మంచినీళ్ళు గాడిలో పోశాను. నీళ్ళు మూడు గొడుగుల కిందనుంచి కారాయి. గొడుగు ఊడిన నాలుగో రంధ్రం ఏళ్ళ మట్టితో గట్టిగా పూడి ఉంది. దాని దగ్గర నీళ్ళు నిలబడ్డాయి. నేను జడలోంచి పిన్ను తీసి, వంగి, మెల్లగా గుచ్చాను. చౌకీదారు, "క్యా కర్ రహీ హైఁ ఆప్? ఇది రేపు కరిగించడానికి పోతుంది" అన్నాడు. తెలుసన్నాను. మట్టి మూడు పెళ్ళలుగా రాలింది, నాలుగో దాంట్లోంచి కూడా నీళ్ళు పడ్డాయి. గాడి పూర్తిగా ఖాళీ అయ్యేదాకా చూసి, టేపు చుట్టుకుని, బస్సు స్టాపు వైపు నడిచాను.